"హౌ ఆర్ యూ" అన్నప్పుడు ఏం చెప్పాలి?

ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం కావలిలోని మా ఇంటి నుంచి ప్రయత్నించిన 8 నెలల్లో, నేను జావా ప్రోగ్రామింగ్ ప్రశ్నలకు తడబడిన సందర్భాలు తక్కువ. ఫోన్ ఎత్తగానే రిక్రూటర్, అంటే కంపెనీకి ఉద్యోగులను వెతికిపెట్టేవారు, అడిగే "హౌ ఆర్ యూ"కు తడబడిన సందర్భాలే ఎక్కువ. మొదటిసారి, అంత ఆప్యాయంగా అడిగారు కదా అని, అమ్మకు నెల్లూరులో మోకాలి ఆపరేషన్ జరిగిందనీ, రాత్రంతా ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాననీ వివరంగా చెప్పుకొచ్చాను. అవతల కొంతసేపు కీబోర్డు చప్పుడు కూడా ఆగిపోయింది. తరువాత ఆమె "అయ్యో, సారీ" అని, మరో రోజు మాట్లాడుకుందామన్నారు. ఆ మరో రోజు రానే లేదు.

దారిలో ఎదురైనవారు "భోంచేశారా" అని అడిగితే మనం కూరల పేర్లు ఏకరువు పెట్టం కదా, ఇదీ అలాంటిదే. ఐరిష్ వారు "నాట్ టూ బ్యాడ్" అంటే కులాసాగా ఉన్నట్టేనని నాలుగైదు కాల్స్ అయ్యాక గాని నాకు బోధపడలేదు.

మనకు మాట కలపడం రాదని కాదు. కావలి నుంచి ఒంగోలు వెళ్ళే బస్సులో సీటు దొరికిన పది నిమిషాలకే పక్కవారి ఇంటిపేరు, పిల్లల చదువులు, వీలైతే జీతం కూడా రాబట్టగలం. చిక్కేమిటంటే, మనం మాట కలిపే ఆ దారులే అక్కడ మూసి ఉంటాయి. ఐర్లాండ్‌లో 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టం కింద వివక్ష చూపకూడని 9 అంశాలలో వైవాహిక స్థితి, కుటుంబ స్థితి, వయస్సు, మతం ఉన్నాయి. అందువల్ల రిక్రూటర్లు ఆ జోలికి రారు, మనంతట మనమే పెళ్ళి, పిల్లల సంగతి ఎత్తినా ఇబ్బంది పడతారు. ఇక మిగిలేవి వాన, వారాంతం, ఊరు.

ఊరు అడిగితే నేను "చెన్నై దగ్గర" అని దాటవేసేవాణ్ణి. ఒక సాయంత్రం ఆరున్నరకు, అంటే వేసవి కాబట్టి అక్కడ మధ్యాహ్నం రెండింటికి, బ్రెజిల్ నుంచి వచ్చి డబ్లిన్‌లో స్థిరపడిన ఒకావిడ ఫోన్ చేశారు. ఆ రోజు ఎందుకో "నెల్లూరు జిల్లా" అనేశాను. ఆమె పకపకా నవ్వి, "నెలోరియా? మా తాతగారి పొలంలో ఉన్నవన్నీ నెలోరి పశువులే" అన్నారు. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అధిక భాగం మన ఒంగోలు జాతి సంతతే. 1868లో సాల్వడార్ రేవులో ఆగిన ఓడలోని ఒక జతను అక్కడ అమ్మారని చెబుతారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక ఆ జాతికి అక్కడ నెల్లూరు పేరే నిలిచింది. తిరునాళ్ళలో ఎడ్లు బండ లాగే పందేల గురించి నేను చెబితే, కాడి ఎలా కడతారో, బండ ఎంత బరువుంటుందో ఆమె గుచ్చిగుచ్చి అడిగారు. నా అనుభవం గురించి అడగడం పావుగంట తరువాత మొదలైంది, అప్పటికి నా గొంతులో వణుకు లేదు.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. వారికి ఇంకా ఎక్కువ అనుభవం ఉన్నవారు కావలసివచ్చింది. రెండు నెలల తరువాత మరో ఖాళీ గురించి ఆమే ఫోన్ చేసి, ముందుగా ఎద్దులు ఎలా ఉన్నాయని అడిగారు.

"నాట్ టూ బ్యాడ్" అన్నాను.