ఎడమ పక్క కొలతలు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లున్నాయి, డ్రెయిన్‌లో, అంటే గాయం లోపలి నీరు బయటికి రావడానికి పెట్టిన గొట్టంలో, చేరిన నీరు కొలిచి రాసుకోవడానికి గడులున్నాయి, కుట్లు విప్పే తారీఖు ఉంది. బట్టల గురించి మాత్రం ఒకటే ముక్క: వదులు దుస్తులు వేసుకోవాలి. నేను నరసాపురం పక్కన మా ఊళ్ళో ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టి బతుకుతున్నదాన్ని. ఎంత వదులు, ఎక్కడ వదులు, ఎన్నాళ్ళు వదులు అని అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? అడుగుదామంటే డాక్టరు గారి చుట్టూ చదువుకునే కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. నర్సుని అడిగితే "నైటీ వేసుకోండమ్మా" అని వెళ్ళిపోయింది.

నాకు ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు, చంకలోని లింఫు గ్రంథులతో సహా. గడ్డ ఎలా తగిలింది, బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో ఎవరెలా ఏడ్చారు అన్నవి ఇక్కడ రాయను. అవి చాలామంది రాశారు. ఆపరేషన్ వైజాగ్‌లో, ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవలో వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒంటి మీద ఏం వేసుకోవాలన్నది మాత్రం ఏ పథకంలోనూ లేదు, ఏ కాగితంలోనూ లేదు.

మొదట నైటీ సంగతి. తల మీంచి తొడుక్కోవాలంటే చెయ్యి పైకెత్తాలి. చంకలో కోసిన చెయ్యి భుజం దాకా కూడా లేవదు. అందుకని మా ఆయన పాత కాటన్ చొక్కాలే గతయ్యాయి. ముందు గుండీలు, మెత్తటి గుడ్డ, ఏ చేతికైనా దూరుతుంది. డ్రెయిన్ గొట్టం చివర బుడ్డి ఒకటి వేలాడుతుంటుంది కదా, దాన్ని చేత్తో పట్టుకుని తిరగలేం, పిన్నుతో బట్టకి గుచ్చితే లాగినప్పుడల్లా ప్రాణం పోతుంది. మా అమ్మాయి మిగులు గుడ్డతో చిన్న సంచి కుట్టి మెడలో వేసింది. మామూలుగా వరసగా రెండు రోజులు, రోజుకి 30 మిల్లీలీటర్ల లోపు వస్తే డ్రెయిన్ తీసేస్తారు. అప్పటిదాకా బ్రా అన్న ఆలోచనే అక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో కారు గతుకులకి చంక కింద చిన్న దిండు పెట్టుకున్నాను. సీటు బెల్టు ఒరుసుకోకుండా దానికీ మనకీ మధ్య అదే దిండు పనికొచ్చింది.

డ్రెయిన్ తీశాక కూడా నీరు చేరుతుంది. ఒకరోజు ఉబ్బి ఉంటుంది, డాక్టరు సూదితో లాగేస్తే తగ్గుతుంది, మళ్ళీ కొంచెం చేరుతుంది. అంటే ఛాతీ కొలత రోజుకో రకం. హుక్కులు ఒకేచోట ఉండే బట్ట ఈ రోజు సరిపోతే రేపు పట్టేస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మమ్మ రవికె. హుక్కుల్లేవు, బొత్తాల్లేవు, రొమ్ముల కింద రెండు కొసలు తెచ్చి ముడి వేసేది, అంతే. వాపుంటే ముడి వదులు, లేకపోతే బిగువు. పల్చటి మల్లు గుడ్డ తీసుకుని, చంక బాగా దించి, కుట్లు బయటి వైపుకి వచ్చేలా మా అమ్మాయి చేత కుట్టించుకున్నాను. కుట్టు లోపలుంటే గాటు మీద ఒరుసుకుంటుంది. ఇప్పటికీ ఎవరడిగినా మొదటి నెలకి ఇదే చెబుతాను. కొట్లో డబ్బు పోసి కొనే ఫ్రంట్ ఓపెన్ బ్రాలు చూశాను తర్వాత. నేను చూసినవాటిలో ముందు హుక్కు ఒకటే వరస ఉంది, సర్దుకునే వీలే లేదు.

గడ్డ ఒక్కటే తీయించుకున్న వాళ్ళ లెక్క వేరు. రేడియేషన్ దగ్గర పక్కన కూర్చునే ఒకావిడకి రొమ్ము ఉంచేశారు. ఆవిడని మెత్తటి కాటన్ బ్రా రాత్రిళ్ళు కూడా వేసుకోమన్నారట. రొమ్ము కదిలితే లోపలి గాయం లాగుతుందని. తీగ ఉన్న బ్రా మాత్రం ఇద్దరికీ వద్దన్నారు. గాయం పూర్తిగా మానేదాకా, రేడియేషన్ నడిచినంతకాలం దాని జోలికే పోకూడదు.

కీమో గురించి ఒక్క మాట. కొందరికి ఒళ్ళు తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది, నాకు పెరిగింది. ఆ రోజుల్లో ఏ బట్టకి కొలత తీసినా దండగే. రేడియేషన్ మొదలయ్యాక చర్మం నల్లబడింది, చంక మడతలో తోలు లేచింది. రేడియేషన్ కోసం ఒంటి మీద గీసిన గుర్తులు చెరగకూడదంటారు, పౌడరు వద్దంటారు. మళ్ళీ ముడి రవికే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అదీ లేదు.

మా అత్తయ్య గారు మంచి మనిషే. "ఈ వయసులో ఎవరు చూడొచ్చారే, పైట నిండుగా కప్పుకో, సరిపోద్ది" అన్నారు. ఎవరో చూస్తారని కాదు నా బాధ. జాకెట్ల భుజం కుట్టు చూస్తే నాకు తెలిసిపోతోంది, ఎడమ భుజం ముందుకి ముడుచుకుంటోంది. దెబ్బ తగిలిన పక్కని దాచుకుంటూ నడుస్తాం మనకి తెలియకుండానే. కుడి పక్క బరువు అలాగే ఉంది, ఎడమ పక్క లేదు. రోజంతా మిషను మీద వంగి కూర్చునేదానికి సాయంత్రానికి మెడ పట్టేసేది. పైట మాటా నిజం కాదు. పైట కుడి చంక కిందనుంచి వచ్చి ఎడమ భుజం మీదకి పోతుంది. కాబట్టి పక్కనుంచి చూస్తే బయటపడేది ఎడమ వైపే. జాకెట్లు కుట్టేవాళ్ళం ఎడమ పక్క డాట్ల మీద, అంటే రొమ్ము ఆకారం కోసం వేసే మడత కుట్ల మీద, అంత శ్రద్ధ ఎందుకు పెడతామనుకున్నారు?

పక్కింటి అక్క లేసు అల్లుతుంది. మా వైపు ప్రతి వీధిలోనూ అరుగు మీద ఎవరో ఒకరు సూదీ దారం పట్టుకుని కనిపిస్తారు. లేని రొమ్ము బదులు జాకెట్లో పెట్టుకునేది ఒకటి అల్లమని ఆవిడకి నా కుడి పక్క కొలతిచ్చాను. టేబుల్ మీద పరిచే గుండ్రాల పద్ధతిలోనే నడిమి నుంచి మొదలుపెట్టి, కన్నాలు రాకుండా దగ్గర దగ్గరగా నూలు దారంతో అల్లింది. లోపల ముందు దూది పెడదామంది. దూది తడిస్తే ముద్ద కడుతుంది, త్వరగా ఆరదు. దిండ్లలో వేసే ఫైబర్ పెట్టించాను. ఎంతివ్వాలక్కా అంటే "ఏజెంటుకి అల్లితే డబ్బులు, నీకల్లితే డబ్బులేంటే" అని కసిరింది. చర్మానికి హాయిగా ఉండేది, ఉతికితే సాయంత్రానికి ఆరిపోయేది. బరువు లేకపోవడమే దాని లోటు. చెయ్యి కదిపినప్పుడల్లా పైకి జరిగేది. జాకెట్టు లోపల జేబు కుట్టి, దాన్ని అడుగున రెండు టాకాలేశాక కుదురుగా ఉంది.

చర్మం మామూలు రంగుకి వచ్చాక భీమవరం వెళ్ళాం బ్రా కోసం. కౌంటర్లో అబ్బాయి ఉన్నాడు, లోపలికి కేకేస్తే ఒకమ్మాయి వచ్చింది. సంగతి చెప్పాను. పాలిచ్చే తల్లులకి అమ్మే బ్రా తెచ్చి పెట్టింది. నవ్వొచ్చింది కానీ పిల్లనేం అంటాం, దానికెవరు నేర్పారు? నిజానికి అది మరీ పనికిరానిదేం కాదు, మెత్తటి కాటనే, తీగ లేదు. కానీ కప్పు తెరుచుకునేది కాబట్టి లోపల పెట్టింది నిలవదు. తర్వాత స్పోర్ట్స్ బ్రా. అది తల మీంచి తొడుక్కోవాలి. కాళ్ళ మీంచి ఎక్కించుకోవచ్చనుకోండి, ఇంట్లో అలాగే చేసి చూశాను, తుంటి దగ్గర ఆగిపోయింది.

కొలత మాత్రం నేనే తీసుకున్నాను. ఒక పక్క లేనప్పుడు టేపు చుట్టూ తిప్పితే వచ్చే అంకె అబద్ధం. ఉన్న పక్క, ఛాతీ నడిమి ఎముక నుంచి రొమ్ము మీదుగా వెన్నెముక దాకా కొలిచి రెట్టింపు చెయ్యాలి. నాకు పద్దెనిమిదిన్నర వచ్చింది, అంటే 37. రొమ్ముల కింద చుట్టుకొలత 34. తేడా మూడు అంగుళాలు కాబట్టి సీ కప్పు. ఆ అమ్మాయి "34 సీ లేదండి, 36 బీ తీసుకోండి, ఆయ్, రెండూ ఒకటేనండి" అంది. కప్పు లోతు వరకు ఒకటే, అది నిజమే. కానీ కింది పట్టీ వదులైపోతుంది. బ్రా బరువు మోసేది ముఖ్యంగా ఆ పట్టీనే, భుజం నాడాలు కాదు. ఒక పక్క బరువుగా, ఒక పక్క తేలిగ్గా ఉన్న మనిషికి పట్టీ వదులైతే వీపు వెనక పైకెక్కి, బట్టంతా ఒక పక్కకి తిరుగుతుంది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకన్నా ఎక్కువ దూరకూడదు. చంక వైపు ఎత్తుగా ఉండాలి, నాడా వెడల్పుగా ఉండాలి. ఇవన్నీ ఉన్నది చివరికి రాజమండ్రిలో దొరికింది, జేబు మాత్రం లేదు. జేబు నేనే కుట్టుకున్నాను, పల్చటి కాటన్‌తో, పక్కనుంచి తెరుచుకునేలా.

సిలికాన్ది, అంటే బ్రా జేబులో పెట్టుకునే సిలికాన్ రొమ్ము, ఆ తర్వాతే కొన్నాం. వేలల్లో ఖర్చు. అమ్మేవాళ్ళు ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకే వేసుకోవచ్చంటారు, కానీ రేడియేషన్ ఉన్నవాళ్ళు చర్మం కుదుటపడేదాకా ఆగడమే నయం. రెండో పక్క బరువుకి దగ్గరగా ఉండేది ఇచ్చారు. వేసుకున్న కొన్నాళ్ళకి మెడనొప్పి తగ్గడం నాకే తెలిసింది. చలికాలంలో బంగారం. ఏప్రిల్ వచ్చాక మన డెల్టా ఉక్కపోతలో దాని వెనక చర్మం, పనసాకు బుట్టలో పొట్టిక్కని ఆవిరికి పెట్టినట్టే. చెమటకి ఒరుసుకుని దద్దు లేచింది. ఇప్పుడు దానికి నూలు తొడుగు కుట్టాను. ఎండాకాలం పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ అది, ఇంట్లో మాత్రం అక్క అల్లిన నూలుది. సిలికాన్దాన్ని రోజూ మెత్తటి సబ్బుతో కడిగి, తుడిచి, దాని డబ్బాలోనే పెట్టాలి, సూది గుచ్చుకోకుండా చూసుకోవాలి. నా పనిలో నోట్లో, ఒంటి మీద సూదులూ గుండుసూదులూ మామూలే. ఇప్పుడవన్నీ మిషను పక్కన అయస్కాంతం మీదకి వెళ్ళిపోయాయి.

అన్నిటికన్నా ఎక్కువ చూసుకునేది చెయ్యి. చంకలో గ్రంథులు తీసినవాళ్ళకి ఎప్పుడైనా చెయ్యి వాచొచ్చు. ఆ చేతికి బీపీ చూడనివ్వను, సూది వెయ్యనివ్వను. బ్రా విప్పినప్పుడు భుజం మీద గాడి పడిందా, చంక పక్క గీత ఎర్రగా ఉందా అని అద్దంలో చూసుకుంటాను. గాడి పడితే ఆ నాడా విప్పేసి వెడల్పాటి పట్టీ వేస్తాను. పై చేతి లోపలి వైపు తిమ్మిరి నాకు ఇంకా పోలేదు. నొక్కుకుంటున్నా తెలియదు, అందుకే స్పర్శని నమ్మకుండా కంటితో చూడాలి.

మొన్న పాలకొల్లు నుంచి ఒకావిడ వచ్చారు, కుడి పక్క ఆపరేషన్. రేడియేషన్ ఇంకా మొదలే కాలేదు, అప్పుడే సిలికాన్ది కొనేస్తానంటారు, కూతురి పెళ్ళట. "వదినా, ముందు చర్మం సంగతి తేలనివ్వండి" అని రెండు ముడి రవికెలు కుట్టిచ్చాను, నూలుది అక్కతో చెప్పాను. పెళ్ళికి కట్టే పట్టుచీర జాకెట్టు నేనే కుడుతున్నాను. కుడి పక్క కాబట్టి పైట దగ్గర ఆవిడకి నా బెడద లేదు. మెడ రెండంగుళాలు పైకి తెచ్చి, కుడి వైపు లైనింగ్‌లో జేబు పెడితే చాలు.