మంచు పడితే గానీ పూయని చిక్కుడు

ఈ ఆదివారం డాబా మీద చిక్కుడు పాదు తీసేశాను. ఎండిన తీగలు తాళ్లకు ఎంత గట్టిగా చుట్టుకున్నాయంటే కత్తెరతో ముక్కలు ముక్కలుగా కత్తిరించాల్సి వచ్చింది. నవంబరులో ఒకరోజు ఇదే కత్తెర పట్టుకుని ఇదే పాదు మొదట్లో కూర్చున్నాను, పచ్చగా ఉండగానే తీసేద్దామని. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

మాది రాజమండ్రి. 2025 జూన్‌లో మృగశిర కార్తె రాగానే 20 గ్రో బ్యాగులతో మొదలుపెట్టాను. పక్కనే కోనసీమ కాబట్టి కొబ్బరిపొట్టుకు కొదవ లేదు, తేలిగ్గా ఉంటుంది, శ్లాబు మీద బరువు పడదు అని సగానికి సగం అదే కలిపి, మిగతా సగం ఎర్రమట్టి, పశువుల ఎరువు వేశాను. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. ఎండలున్నన్నాళ్లూ బాగానే ఉంది గానీ ముసురు పట్టాక పైన పొడిగా కనిపించేది, వేలు గుచ్చితే లోపలంతా ముద్ద. మిరప మొక్కలు మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తుంటే నీళ్లు చాలడం లేదనుకుని ఇంకా పోశాను. 12 మొక్కల్లో 9 వేరు కుళ్ళి పోయాయి, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఇప్పుడు కొబ్బరిపొట్టు నాలుగో వంతు దాటనివ్వడం లేదు.

బెండకు పల్లాకు తెగులు వచ్చింది. ఆకు ఈనెలు పసుపు పచ్చగా తేలితే ఇక మందు లేదు, తెల్లదోమ పక్క మొక్కకు మోసుకెళ్లేలోపు పీకేయడమే. పీకేశాను.

శ్రావణంలో ఆనప పాదు మాత్రం కడుపు నింపింది. మొదట్లో అన్నీ మగపూలే, తర్వాత ఆడపిందెలు వచ్చినా బొటనవేలంత అవగానే కొస నుంచి పసుపుబారి రాలిపోయేవి. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి అంటించాలి, మూడో అంతస్తు డాబా మీదికి అవి ఎన్ని వస్తాయి? అందుకని రోజూ ఆరున్నరకు పైకెళ్లి, మగపువ్వు ఒకటి కోసి రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడి కాడను ఆడపువ్వు లోపల మెల్లగా తాకించేదాన్ని. సెల్‌ఫోన్ లైటు నోట్లో పట్టుకుని చేసిన రోజులున్నాయి. మూడో రోజు చూస్తే తెలిసిపోతుంది: నిలబడిన పిందె మీద తెల్లటి నూగు అలాగే ఉండి, రంగు లేతాకుపచ్చగా నిగనిగలాడుతుంది, బరువుకి తొడిమ కిందికి వంగుతుంది. అలా వంగిన మొదటి పిందెను చూసి మా అత్తయ్యగారిని మెట్లెక్కించి మరీ చూపించాను. 12 రోజులకు గోరు గుచ్చితే సుతారంగా దిగింది, పాలు పోసి కూర వండాం. ఆ సీజన్‌లో మొత్తం 11 కాయలు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను. బ్యాగులన్నీ సాయంత్రమే పిట్టగోడ పక్కకు లాగి పెట్టాం గానీ పందిరిని ఏం చేస్తాం. తెల్లారి చూస్తే వెదురు గుంజలు రెండు విరిగి చిక్కుడు తీగ మొత్తం నేల మీద పరుచుకుని ఉంది. టమాటాలు మొదలంటా విరిగిపోయాయి, పచ్చికాయలు ఏరి పచ్చడి చేశాం. వంగ ఒరిగింది, కర్ర కడితే లేచింది.

చిక్కుడు తెగలేదు. మా వారూ నేనూ ఒక పూటంతా కూర్చుని పందిరి మళ్లీ కట్టి తీగ పైకి ఎక్కించాం. కానీ ఎక్కించి ఏం లాభం అనిపించింది, ఎందుకంటే జూన్‌లో పెట్టిన పాదు దసరా పోయినా దీపావళి పోయినా ఆకులు తప్ప ఒక్క పువ్వు ఎత్తలేదు. పూత కోసమని నేను పోసిన వేరుశనగ చెక్క నీళ్లతో ఇంకా ఆకులే దట్టమయ్యాయి. బ్యాగు ఖాళీ అయితే పాలకూర అయినా వేసుకోవచ్చని కత్తెర తీసుకున్నది అప్పుడే. అత్తయ్యగారు చూసి, "ఆగమ్మా, మంచు పడనీ. చిక్కుడు చలి మొహం చూస్తే గానీ పూయదు" అన్నారు. తర్వాత చదివితే తెలిసింది, పందిరి చిక్కుడు నాటు రకాలకు పగలు పొట్టివై రాత్రుళ్లు పెరిగితేనే పూత వస్తుందట. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) వాళ్ల అర్క జయ్ లాంటి పొట్టి రకాలకు ఆ పట్టింపు లేదు. మా పాదుది నాటు గింజ. నేను ఎన్ని పోసినా, ఎంత తిట్టుకున్నా దాని లెక్క దానిదే.

నవంబరు ఆఖర్లో ఊదారంగు గెలలు నిలబడ్డాయి. వారం తిరక్కుండా నల్ల పేనుబంక పట్టేసింది, కాడ మీద మసి పూసినట్టు, దాని తీపికి చీమలు బారులు. పట్టిన గెలలు తుంచేసి, మిగతా వాటిని నీళ్ల పైపుతో గట్టిగా కడిగి, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం పూట కొట్టాను. మొదటి పూత సగం పోయింది. సంక్రాంతికి మాత్రం రోజు విడిచి రోజు కోసేటంత కాపు. మూడిళ్లకు పంచాం.

జనవరి 25 రథసప్తమి. ప్రతి ఏడాదీ పూజ రథానికి కావాల్సిన ఏడు చిక్కుడుకాయల కోసం బజారులో పావుకిలో కొనేవాళ్లం. ఈసారి ఎండ పడకముందే పైకెళ్లి మంచుతో తడిసిన కాయలు నేనే కోశాను. అత్తయ్యగారు కొబ్బరి ఈనెలు గుచ్చి రథం చేశారు, పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండి, ఆ పాదు ఆకుల్లోనే సూర్యుడికి పెట్టాం. పందిరి పక్కనే కూర్చుని తిన్నాం.

ఎండిన కాయలు ఒలిస్తే గుప్పెడున్నర గింజలొచ్చాయి, నల్లటి గింజ, అంచున తెల్లటి గీత. వేపాకు వేసి డబ్బాలో పెట్టాను. చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే నాలుగేసి ఇస్తాను, జూన్‌లో పెట్టుకోండి.