పాములు లేని హవాయిలో ఒక పాము

హవాయి దీవుల నేల మీద సహజంగా పుట్టిన పాము ఒక్కటీ లేదు. ఎవరైనా పాముని తెచ్చినా, దాచి పెంచినా రెండు లక్షల డాలర్ల వరకు జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అలాంటి చోట 1930 నుంచీ హాయిగా బతికేస్తున్న బ్రాహ్మిణీ గుడ్డిపాముని చూడాలనే నేను ఒవాహు దీవికి వెళ్లాను, బీచ్‌లన్నీ ఆ తర్వాతే.

రాత్రంతా వాన. పొద్దున్నే, దిగిన ఇంటావిడని అడిగి పెరట్లో పూలకుండీలు ఒక్కొక్కటే జరుపుతుంటే ఒకదాని కింద తడిమట్టిలో నల్లటి దారంలాంటిది కదిలింది. చూడగానే వానపామే అనిపిస్తుంది, కానీ ఒంటి మీద వలయాలు లేవు, నున్నటి పొలుసులు మెరుస్తున్నాయి, సన్నటి నాలుక బయటికొచ్చి పోతోంది. అరచేతిలోకి తీసుకుంటే తోక చివరున్న చిన్న ముల్లుని ఆనించి ముందుకి తోసుకుంది, చురుక్కుమంది అంతే, దీనికి విషం లేదు. పొలుసు కింద రెండు నల్ల చుక్కలు, అవే కళ్లు. వెలుగూ చీకటీ తేడా తెలిస్తే చాలు దానికి, తిండంతా మట్టిలోనే దొరికే చీమల, చెదల గుడ్లూ పిల్లలే కదా.

ఫిలిప్పీన్స్ నుంచి మొక్కల మట్టిలో వచ్చిందట ఇక్కడికి. 1803లో ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త దోదాన్ ఈ జాతికి పేరు పెట్టింది మాత్రం స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చూసి బొమ్మతో సహా రాసిన పాము ఆధారంగా! ఇందులో మగవే లేవు, అన్నీ ఆడవే, కుండీలో ఒక్కటి చేరితే చాలు, అదే గుడ్లు పెట్టి కొత్త దేశంలో సంతతి మొదలుపెడుతుంది. ఫ్లోరిడా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, ఎన్నో దీవులు అలాగే చుట్టేసింది.

దీని చుట్టాలు అందరూ ఇలా తిరగరు. గ్రీసు నుంచి అఫ్గానిస్తాన్ దాకా ఒకటి ఉంటుంది, ఆఫ్రికాలో దాదాపు మీటరు పొడవు పెరిగేది ఉంది, క్రిస్మస్ ఐలాండ్‌లో ఉన్న ఒకటి ఆ దీవి దాటి ఎక్కడా లేదు. టెక్సాస్‌లోనైతే గుడ్లగూబలు గుడ్డిపాముల్ని ప్రాణంతోనే గూటికి తెస్తాయి, తప్పించుకున్నవి ఆ గూట్లోనే పురుగుల్ని తింటూ ఉండిపోతాయి.

నాకు ఇప్పుడు చూడాలనున్నది బార్బడోస్. పది సెంటీమీటర్లుండే, ప్రపంచంలోకెల్లా చిన్న పాము అక్కడ 2025లో చాలా ఏళ్ల తర్వాత ఒక రాయి కింద మళ్లీ కనిపించింది. బ్రాహ్మిణీ గుడ్డిపాము ఆ దీవికీ చేరింది, రెండూ చూడ్డానికి ఎంత ఒకేలా ఉంటాయంటే మైక్రోస్కోప్ కింద పెట్టి గానీ తేల్చలేకపోయారు. పైగా ఆ చిన్నదానికి మగతోడు కావాలి, పెట్టేది ఒక్క గుడ్డే. అందుకే కుండీ మట్టి దీవులు దాటించేవాళ్ల మీద నాకు అంత కోపం.