వీసా అడగని దారి

అమ్మ పూజగదిలో వెండి గిన్నెలో ఒక సాలగ్రామం ఉంటుంది. నాయనమ్మ చేతి నుంచి అమ్మ చేతికి వచ్చింది. అది గండకీ నదిలో దొరుకుతుందని అమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ నది వేరే దేశంలో ఉందని నేను చెబితే మాత్రం ఒప్పుకోలేదు. "గండకి గండకే. దానికి దేశమేంటి?" అంది. ఆళ్వార్లు పాడిన నూటెనిమిది విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఒకటైన సాలగ్రామ క్షేత్రం, తిరుమంగై ఆళ్వార్ కీర్తించిన చోటు, నేపాల్‌లోని ముక్తినాథ్ అని మనవాళ్ళ నమ్మకం. అమ్మకు అరవై ఎనిమిది నిండాయి. ఇంకా వాయిదా వేస్తే ఆ కొండ ఎక్కలేదని భయపడి బయల్దేరదీశాను.

గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి సునౌలికి బస్సు. సరిహద్దు అంటే అమ్మ ఊహలో ముళ్ళకంచె, తుపాకులు. ఓటరు కార్డు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. తీరా చూస్తే రిక్షాలు, సైకిళ్ళ మీద కూరగాయల మూటలు, సంచులు తగిలించుకున్న బడిపిల్లలు, మధ్యలో ఒక పెద్ద ద్వారం. జవాను కార్డు చూసి తిరిగి ఇచ్చేశాడు. నడిచి దాటేశాం.

"ఇంతేనా?"

ఇంతే. 1950 జూలై 31న రెండు దేశాలూ రాసుకున్న శాంతి, మైత్రి ఒప్పందం ఉంది. ఒకరి దేశంలో ఒకరు ఉండొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, తిరగొచ్చు అని అందులో ఉంది. 1,750 కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ సరిహద్దును మన రెండు దేశాల మనుషులు ఇలాగే దాటుతారు. ఇరుగుపొరుగు దేశాలు ఎలా ఉంటున్నాయో రోజూ వార్తల్లో చూస్తున్నాం కదా, అందుకేనేమో ఆ పది అడుగులు వేస్తుంటే నాకు గొంతు పట్టేసింది. గడియారం పావుగంట ముందుకు తిప్పుకున్నాను. మన వంద రూపాయలు అక్కడ 160. 1993 నుంచి ఆ లెక్క మారలేదు.

భైరహవాలో జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు ముప్ఫై ఏళ్ళ అబ్బాయి. మొదటి మాటే "ఆమా, జాగ్రత్తగా ఎక్కండి" అన్నాడు హిందీలో. ఆమా అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఆ మాటకు అర్థం నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

లుంబినిలో ఎక్కువసేపు ఉండలేదు. మాయాదేవి గుడి పక్కన అశోకుడి స్తంభం చూశాం. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట తానే స్వయంగా వచ్చి పూజించానని, బుద్ధుడు ఇక్కడే పుట్టాడని, అందుకే ఈ ఊరికి పన్ను తగ్గించానని ఆ రాజు బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. అంత సామ్రాజ్యం ఉన్నవాడు యాత్రకు వచ్చి, ఊరి బరువు కాస్త దించి వెళ్ళాడు. దారి పొడవునా అదే నా మనసులో తిరిగింది.

పోఖరా వెళ్ళే కొండదారి సిద్ధార్థ రాజమార్గం. "ఇది మీవాళ్ళ సాయంతో వేసిందే" అన్నాడు డ్రైవరు. కాసేపాగి 2015 గురించి ఎత్తాడు. ఏప్రిల్ 25న భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. కొన్ని గంటల్లోనే భారత విమానాలు దిగాయి. "ఆ రోజు మర్చిపోం" అన్నాడు. అదే ఏడు సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం వచ్చాక సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. నెలల తరబడి డీజిల్ లేదు, గ్యాస్ లేదు. ఆ రాజ్యాంగం నచ్చక నేపాల్ దక్షిణ మైదానాల్లోని మధేసీలు చేసిన ఆందోళన వల్లే ఆగాయని మన ప్రభుత్వం చెప్పింది. అది అప్రకటిత దిగ్బంధనమని నేపాల్ అంది. "మా ఇంట్లో చలికాలమంతా కట్టెల పొయ్యే ఆమా" అన్నాడతను. నా దగ్గర జవాబుల్లేవని కాదు. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఇంటికి అవి జవాబులు కావనిపించింది. అమ్మ మాత్రం "పిల్లలెంతమంది నాయనా అప్పటికి?" అని అడిగింది. ఒక పాప, ఏడాదిది.

ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన. జీపు దిగాక మెట్లు. అమ్మ పది మెట్లకోసారి ఆగింది. గాలి పీల్చినా చాలనట్టే ఉంది. పైన గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు, ఒక్కొక్కటీ ఎద్దు ముఖంలోంచి పడుతోంది. వద్దంటున్నా వినకుండా అమ్మ అన్నిటి కిందా తల పెట్టింది. అది మంచు కరిగిన నీరు. పెదవులు నీలమైపోయాయి, నామాలు మాత్రం ఆపలేదు. నేను ఇరవైకే వణికి, మిగతావి చేత్తో చల్లుకున్నాను.

లోపల స్వామి దగ్గర ఒక బౌద్ధ సన్యాసిని ఉంది. మనకు విష్ణువైన ఆ మూర్తి వాళ్ళకు కరుణకు రూపమైన బోధిసత్వుడు, అవలోకితేశ్వరుడు. తడి జుట్టుతో వణుకుతున్న అమ్మ నుదుట ఆవిడే తిలకం దిద్ది, రెండు చేతుల్నీ తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ చాలాసేపు అలాగే నిలబడ్డారు.

దిగేటప్పుడు కాగ్‌బేని దగ్గర కాళీగండకి ఒడ్డున ఆగాం. ఈ నీళ్ళే కిందికి వెళ్ళి, సగం అటూ సగం ఇటూ ఉన్న వాల్మీకినగర్ బరాజ్ దాటి, సోన్‌పూర్ దగ్గర గంగలో కలుస్తాయి. ఆ సంగమంలోనే గజేంద్రుడి మొర విష్ణువు విన్నాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అమ్మ దోసిట్లో నీళ్ళు తీసుకుని తలమీద చల్లుకుంది. తర్వాత డ్రైవరు తలమీద కూడా చల్లింది.

భైరహవాలో దిగాక మాట్లాడుకున్నదానికి మించి ఇవ్వబోతే అతను తీసుకోలేదు. ఎప్పటికైనా బాలాజీ దర్శనానికి తిరుపతి రావాలని ఉందన్నాడు.

"పాస్‌పోర్టు లేదు ఆమా నాకు."

"మాకూ అడగలేదుగా ఎవరూ. పాపను కూడా తీసుకురా" అని అమ్మ నా జేబులోంచి పెన్ను లాక్కుంది. ప్రసాదం పొట్లం కాగితం చించి, వెనకవైపు మా ఇంటి ఫోన్ నంబరు పెద్ద పెద్ద అంకెల్లో రాసిచ్చింది.