నమ్‌దేమున్ సందులో కత్తి నూడుల్స్

జనవరి చలికి గ్లౌజుల్లో కూడా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. సియోల్ మెట్రో నాలుగో లైన్లో హోహ్యోన్ స్టేషన్‌లో దిగి, ఐదో గేటు నుంచి పైకొస్తే నమ్‌దేమున్ మార్కెట్. ముందు వేడివేడిగా ఏదైనా తినాలి, తర్వాతే షాపింగ్ అనుకున్నాం నేనూ మా ఆవిడా. ఒక సందులో చిన్న హోటల్, గుమ్మం పక్కనే ఆవిర్లు కక్కుతున్న పెద్ద గిన్నెలు. తలుపు తీయగానే మా కాకినాడ ఇంట్లో ఎండు మెత్తళ్ల వాసన!

నిజంగా అదే. ఇక్కడ కల్‌గుక్సు పులుసుకి ఎక్కువగా ఎండు మెత్తళ్లు, సముద్రపు నాచు వేసి మరిగిస్తారు. కల్ అంటే కత్తి, గుక్సు అంటే నూడుల్స్. మేం కూర్చున్న బల్లకి ఎదురుగానే ఒకావిడ గోధుమ పిండి ముద్దని పొడవాటి కర్రతో దుప్పటంత వెడల్పుగా ఒత్తింది. పొడి పిండి చల్లి, చీర మడత పెట్టినట్టు మడిచి, కత్తితో టకటకా కోసింది. చేత్తో ఒక్కసారి విదిలిస్తే మడతలన్నీ విడిపోయి దారాలయ్యాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. నాకు ఆ హెచ్చుతగ్గులే నచ్చాయి. మిషన్ నూడుల్స్‌కి ఆ నమలడంలోని సుఖం రాదు.

కొరియాలో ఒకప్పుడు గోధుమ పిండి అరుదు. 1950-53 యుద్ధం తర్వాత అమెరికా సాయంగా పిండి బస్తాలు దిగాయి. బియ్యానికి కరువని 1969 నుంచి వారానికి రెండు రోజులు హోటళ్లలో అన్నం అమ్మొద్దన్నారు. జనం నూడుల్స్‌కి అలవాటు పడింది ఆ రోజుల్లోనే. ఆకలి కాలపు తిండిని ఇంత ఇష్టంగా నిలుపుకున్నారంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

మేం కల్‌మాండు చెప్పాం, అంటే నూడుల్స్‌లోనే మోమోల్లాంటి మాండు కూడా వేసిస్తారు. మాండుని ముందు కజ్జికాయలా మడిచి, ఆ రెండు కొసల్నీ కలిపి నొక్కుతారు, చిన్న టోపీలా ఉంటుంది. లోపల పంది మాంసం ఖీమా, టోఫు, ఉల్లికాడలు. నేను ఒకేసారి నోట్లో పెట్టుకోబోతే పక్క బల్ల మీది పెద్దావిడ చెయ్యి ఊపి ఆపింది. తన చెంచాతో మాండుని పులుసులోనే చిదిపి చూపించింది. లోపలి రసమంతా పులుసులోకి దిగింది. పైన కాస్త కారం ముద్ద వేసుకుని తాగితే, అబ్బ, చెవుల దాకా వెచ్చబడింది.

కిమ్చి, అంటే వాళ్ల క్యాబేజీ పచ్చడి, అప్పటికప్పుడు కలిపిన పచ్చిది, కరకరలాడుతోంది. ఎన్నిసార్లు అడిగినా డబ్బుల్లేకుండానే వేస్తారు. అడగడానికి అందరూ "ఇమో" అని కేకేస్తున్నారు. ఇమో అంటే అమ్మకి అక్కో చెల్లెలో, మన పెద్దమ్మా పిన్నీ అన్నమాట. మా ఆవిడ కూడా ధైర్యం చేసి "ఇమో!" అంది. పిండి చేతులతోనే వెనక్కి తిరిగి, "నే!" (అంటే "ఆఁ!") అని పలికిందావిడ. కిమ్చితో పాటు నా గిన్నెలో ఇంకో గరిటెడు పులుసు కూడా పోసి వెళ్లింది.