కాజీపేట నుంచి రెడ్‌హిల్స్ దాకా, టిఫిన్ బాక్సులో స్లైడ్లతో

బయాప్సీ రిపోర్టు వచ్చినప్పటి నుంచి మా చుట్టాలంతా డాక్టర్లైపోయారు. ఆడబిడ్డ హైదరాబాద్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి అంటుంది, బావగారు అక్కడే ఉన్న సర్కారు దవాఖాన ఎంఎన్‌జే అంటారు, కరీంనగర్ మేనత్తయితే "సూది గుచ్చితే గడ్డ పాకుతదంట, ఎందుకు గుచ్చించుకున్నవే" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు. సూదితో ముక్క తీస్తే క్యాన్సర్ పాకదని డాక్టర్లు ఎంత మొత్తుకున్నా మన దగ్గర ఆ మాట పోదు. ఎడమ రొమ్ములో గడ్డ అని తెలిసిన దానికంటే, ఏ దవాఖానకు పోవాలనే దాని మీదే నాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. మా ఆయన వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి గుమస్తా, మిర్చి సీజన్‌లో ఆయన్ను కదపడం ఎవరి తరమూ కాదు. అందుకే చెల్లెను వెంటబెట్టుకొని బయల్దేరాను.

బయల్దేరే ముందు ఒక పని మాత్రం చేశాం. హనుమకొండలో బయాప్సీ చేసిన ల్యాబుకు పోయి స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకున్నాం. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుపోతే పెద్దాసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు కదా. స్లైడ్లంటే తీసిన ముక్కను పల్చగా కోసి అతికించిన గాజు పలకలు. బ్లాకు అంటే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో తెల్లటి మైనం, ఆ మైనం మధ్యలో సన్నటి పోగులు. నా ఒంట్లోంచి తీసినవి అవే. స్లైడ్లు పగలకుండా చెల్లె వాటిని దూదిలో చుట్టి స్టీలు టిఫిన్ బాక్సులో పెట్టింది. పులిహోర బాక్సు వేరే ఉంది, జనగామ దగ్గర ఆకలై తెరవబోతే ముందు చేతికొచ్చింది స్లైడ్ల బాక్సే. ఇద్దరం నవ్వుకున్నాం, ఎదుటి సీటాయనకు ఏమీ అర్థం కాలేదు.

భువనగిరి గుట్ట దాటి బీబీనగర్ వచ్చేసరికి "ఇక్కడ ఎయిమ్స్ ఉంది కదక్కా, ఇక్కడే దిగిపోదామా" అంది చెల్లె. అట్లా అన్ని చోట్లా దిగుకుంటూ పోతే గడ్డకు ఎవరు జవాబు చెప్తారు?

సికింద్రాబాద్‌లో దిగి ముందు ఒక కార్పొరేట్ ఆసుపత్రికి పోయాం, పేరు వద్దులెండి. ఏసీ, సోఫాలు, మంచినీళ్లు అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టర్ ఫైలు తిరగేసి, తిరగేయకముందే ఆపరేషన్ ప్యాకేజీ మాట మొదలైంది, సాయంత్రమే అడ్మిట్ అయితే డిస్కౌంటట. నా రిపోర్టులో ఈఆర్, పీఆర్ పాజిటివ్, అంటే హార్మోన్లతో పెరిగే రకం గడ్డ. గడ్డ పెరగడానికి తోడయ్యే హెర్2 అనే ప్రొటీన్ మాత్రం 2+ అని ఉంది. దాని సంగతేంటని అడిగితే "తర్వాత చూద్దాంలే అమ్మా" అన్నారు. అక్కడే నాకు మనసు విరిగింది.

అక్కడి నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ లైను మారి లక్డీకాపూల్, ఆ తర్వాత ఆటోలో రెడ్‌హిల్స్. ఎంఎన్‌జే 1955 నుంచి ఉన్న సర్కారు క్యాన్సర్ దవాఖాన. ఓపీ దగ్గర ఆదిలాబాద్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వాళ్లే సగం మంది కనిపించారు, మన యాస వినపడితే ఏదో ధైర్యం. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కాగజ్‌నగర్ నుంచి భాగ్యనగర్ రైలుకు వస్తుందట. స్కార్ఫ్ కింద జుట్టు లేదు, చేతిలో సంచీ, సంచీలో ఒక నిమ్మకాయ. వాంతి వచ్చినప్పుడు వాసన చూడటానికట. "కీమో ఎక్కిచ్చుకున్నంక రైల్ల కూసునుడే కష్టం బిడ్డా. మీకు దగ్గర్ల ఇచ్చేటోళ్లుంటే ఆడనే ఎక్కిచ్చుకోరి" అంది. ఫోన్లలో సలహాలిచ్చినవాళ్లలో ఈ మాట చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

డాక్టరమ్మ హెర్2 గీత మీదే వేలు పెట్టింది. 2+ అంటే అటూ ఇటూ తేలనట్టు, ఫిష్ అనే పరీక్ష చేస్తేనే పాజిటివో నెగెటివో తెలుస్తుంది, పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే మందు కలుస్తుంది, అప్పుడు కీమో ముందా ఆపరేషన్ ముందా అన్నది కూడా మారొచ్చు అని చెప్పింది. సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ కలిసి చూసి ప్లాన్ కాగితం మీద రాస్తారంది. "ఈ పరీక్ష కోసం కొన్ని రోజులు ఆగితే కొంపలేం మునగవు, నెలలు మాత్రం ఆగొద్దు" అని కూడా అంది. టిఫిన్ బాక్సు మూత తీసి బ్లాకులు ఇస్తే ఆమే నవ్వింది.

తిరుగు రైల్లో చెల్లె, నేను లెక్కలేసుకున్నాం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు కాబట్టి డబ్బు భయం కొంత తగ్గింది. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ఫైల్లో ఉన్నాయి. ఆపరేషన్ హైదరాబాద్‌లోనే. కీమో సాధారణంగా మూడు వారాలకోసారి కాబట్టి, వాళ్లు రాసిచ్చే ప్లాన్ ప్రకారం హనుమకొండలో ఎక్కించుకుంటా. ఎందుకంటే కీమో తర్వాత జ్వరం 100.4 డిగ్రీలు వచ్చిందంటే తెల్లారేదాకా ఆగకూడదట, తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్‌ఫెక్షన్ ముదురుతుందట. అర్ధరాత్రి 145 కిలోమీటర్లు ఎవరు తీసుకుపోతారు? హనుమకొండ డాక్టర్‌ను కలిసినప్పుడు నేను అడగబోయే మొదటి ప్రశ్న అదే, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు, చేర్చుకునేదెవరు అని. డాక్టర్ చదువుల బోర్డు తర్వాత చూస్తా.

రేడియేషన్ దగ్గరే చిక్కు. వారానికి ఐదు రోజులు, మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రోజూ కాజీపేట నుంచి పోయిరావడం అయ్యే పని కాదు. ఉప్పల్‌లో చిన్నమ్మ వాళ్లకు ఒక గది ఖాళీగా ఉంది, మెట్రో దగ్గరే. చెల్లె ఘట్‌కేసర్ దాటకముందే ఆమెకు ఫోన్ కలిపింది. "రమ్మను, అడుగుడెందుకు. కని మీ బావను మాత్రం తేవద్దు, ఆయన గురక నేను పడలేను" అందట చిన్నమ్మ.