అబ్రాహాము ఇంటి పెద్ద దాసుడు

ఆదికాండం 24వ అధ్యాయం మన హైదరాబాద్ చర్చిల్లో ఎక్కువగా పెళ్ళిళ్ళప్పుడే వింటాం. ఇస్సాకునీ రిబ్కానీ దేవుడు ఎలా కలిపాడో అయ్యగారు చెప్తారు, ఆశీర్వదిస్తారు, అందరూ భోజనాలకి లేస్తారు. నా మనసు మాత్రం ఎప్పుడూ ఆ పెళ్ళి కుదిర్చిన దాసుడి మీదే ఉంటుంది. 67 వచనాలు, ఆదికాండంలో ఇంతకంటే పొడవైన అధ్యాయం లేదు, దాదాపు అంతా ఆయనే నడిపిస్తాడు, అయినా ఆయన పేరు అందులో ఒక్కసారి కూడా రాదు. 15వ అధ్యాయంలో కనిపించే దమస్కు ఎలీయెజెరు ఈయనే అని యూదు సంప్రదాయం. అదే నిజమైతే ఒక్కసారి ఆలోచించండి, అబ్రాహాముకి పిల్లలు లేకపోతే ఆ ఆస్తంతా ఎలీయెజెరుకే దక్కేది. ఇస్సాకు పుట్టాడు, ఆ ఆశ పోయింది. ఇప్పుడు ఆ ఇస్సాకుకే పిల్లని వెతకడానికి పది ఒంటెలు తోలుకుని నాహోరు ఊరిదాకా వెళ్ళాడు.

బావి దగ్గర ఆయన ప్రార్థన చూడండి. నా యజమాని అబ్రాహాము మీద దయ చూపించు అన్నాడే గానీ తనకోసం ఏమీ అడగలేదు. పిల్ల అందం, కులగోత్రాలు, కట్నకానుకలు కూడా ఆ ప్రార్థనలో లేవు. నేను తాగడానికి నీళ్ళడిగితే ఒంటెలకి కూడా పోస్తానని తనంతట తానే అనే అమ్మాయి కావాలి, అంతే.

రిబ్కా చేసింది చిన్న పనేం కాదు. బాగా దప్పిక మీదున్న ఒంటె ఒకేసారి వంద లీటర్ల దాకా తాగేయగలదు. అందులో సగమే వేసుకున్నా పదింటికీ కలిపి ఐదొందల లీటర్లు, మన మేడ మీదుండే వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులో సగం, అదీ కడవతో, కిందికి దిగి ముంచుకుని, పైకెక్కి తొట్టిలో పోసి, మళ్ళీ పరుగు. ఏప్రిల్‌లో మోటారు కాలిపోయినప్పుడు మూడో అంతస్తుకి బిందెలు మోసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇలాంటి అమ్మాయే కావాలని ఆయనకి ఎందుకు తోచిందో నాకు 18వ అధ్యాయం చదివితే అర్థమవుతుంది. మమ్రే దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండలో గుడారం గుమ్మంలో కూర్చున్న అబ్రాహాము, అప్పటికి 99 ఏళ్ళవాడు, ముగ్గురు మనుషులు కనబడగానే ఎదురు పరుగెత్తాడు. కాస్త రొట్టె తెస్తానని చెప్పి మూడు మానికల మెత్తటి పిండితో రొట్టెలు చేయించాడు, లేత దూడని వండించాడు, వెన్న, పాలు తెచ్చి పెట్టి, వాళ్ళు తింటున్నంతసేపూ చెట్టు కింద పక్కనే నిలబడ్డాడు. అలాంటి ఇంట్లో ఉన్న మనిషి ఆ ఇంటికి తగిన కోడలినే వెతికాడు. (రిబ్కా అన్న లాబాను కూడా బావి దగ్గరికి పరుగెత్తాడు, కాకపోతే ఈ దాసుడు రిబ్కాకి ఇచ్చిన ముక్కుకమ్మి, కడియాలు చూశాక. ఆ పరుగు నాకు నచ్చదు.)

అన్నిటికంటే నన్ను పట్టేసింది 24వ అధ్యాయం 33వ వచనం. రిబ్కా ఇంట్లో ఆయనకి కాళ్ళకి నీళ్ళిచ్చారు, ఒంటెలకి మేత వేశారు, భోజనం వడ్డించారు. మన ఇళ్ళల్లో అయితే ముందు మంచినీళ్ళు, టీ, ఆ తర్వాతే "ఏంటి సంగతులు?" అంటాం, పెట్టింది ముట్టకపోతే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు కూడా. అంత దూరం ప్రయాణం చేసి ఆకలితో ఉన్న ఈ పెద్దాయన మాత్రం వచ్చిన పని చెప్పందే తినను అన్నాడు. తెల్లారి, పిల్లని ఇంకో పది రోజులైనా ఉండనివ్వమని తల్లీ అన్నా బతిమాలితే నన్ను ఆపొద్దు అన్నాడు. వాళ్ళేమో రిబ్కానే పిలిచి అడిగారు, ఆమె వెళ్తానంది.

తిరిగి వచ్చాక జరిగిందంతా ఇస్సాకుకి అప్పజెప్పాడు. దానికి కాస్త ముందు, పొలంలో నడిచి వస్తున్నది ఎవరని రిబ్కా అడిగింది. "ఆయన నా యజమాని" అన్నాడు. అధ్యాయమంతా అబ్రాహాముని తప్ప ఎవర్నీ అలా అనలేదు, ఇస్సాకుని అనడం ఇదే మొదలు. ఆయన నిజంగా ఎలీయెజెరే అయితే, తనకి రావాల్సింది తీసుకున్నవాడి గురించి అంత మామూలుగా ఆ మాట అనగలిగిన మనిషి ముందు నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.